ప్లగ్ పెట్టే ముందే: ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి స్మార్ట్ పరికరాలను భద్రంగా చేర్చడం ఎలా

మీటింగ్ రూమ్‌కి కొత్త స్మార్ట్ టీవీ వస్తుంది. ఎవరో అట్టపెట్టె విప్పి, గోడకి బిగించి, రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆఫీస్ వైఫై పాస్‌వర్డ్ కొట్టేస్తారు. బొమ్మ వచ్చింది, పని అయిపోయింది, అందరూ ఎవరి సీట్లకు వాళ్లు వెళ్లిపోతారు. ఆ క్షణం నుంచి ఆ టీవీ, అకౌంట్స్ వాళ్ల కంప్యూటర్లు, బిల్లింగ్ సర్వర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

లాప్‌టాప్‌కైతే అప్‌డేట్లు వస్తాయి, యాంటీవైరస్ ఉంటుంది, ఏదైనా తేడా వస్తే రోజూ వాడే మనిషికి తెలుస్తుంది. సీలింగ్‌కి బిగించిన కెమెరా ముందు ఎవరు కూర్చుంటారు? అది వేరేవాళ్ల చేతికి వెళ్లినా వీడియో మామూలుగానే వస్తుంది కాబట్టి ఏళ్లు గడిచినా అనుమానం రాదు. 2016లో బయటపడ్డ మిరాయ్ అనే మాల్వేర్ చేసిందల్లా ఇదే. టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత, ఎన్‌క్రిప్షన్ లేని పద్ధతి) తెరిచి ఉన్న కెమెరాలు, వీడియో రికార్డర్లు, రౌటర్ల కోసం ఇంటర్నెట్ అంతా వెతుకుతూ, తయారీ కంపెనీలు పెట్టి పంపే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు 60 పైచిలుకు తన దగ్గర పెట్టుకుని వాటిని వేసి చూసేది. అంతకుమించి గొప్ప తెలివేమీ లేదు దాంట్లో. అలా పోగేసిన పరికరాలతో 2016 అక్టోబరు 21న డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ ఏదో చెప్పే సేవ) మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటివి కూడా చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు.

అందుకని ఈ పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట. పరికరం మంచిదో చెడ్డదో తేల్చడం మన వల్ల అయ్యే పని కాదు, లోపల ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో చాలాసార్లు అమ్మినవాడికే తెలియదు. మన వల్ల అయ్యేది వేరే ఉంది: అది రేపు ఎవడి చేతిలోనో పడిందనుకుని, అప్పుడు కూడా దానికి ఏమేం అందుతాయో ఈరోజే నిర్ణయించడం. కింద చెప్పే మెట్లన్నీ దాని కోసమే.

1. ముందు ఉన్నవాటి లెక్క తీయండి

కొత్తది చేర్చడానికి ముందు ఇప్పటికే లోపల ఎన్ని ఉన్నాయో చూడండి. రౌటర్‌లోనో ఫైర్‌వాల్‌లోనో (ఏ ట్రాఫిక్‌ని రానివ్వాలో, ఏది ఆపాలో చూసే కాపలాదారు) డీహెచ్‌సీపీ లీజుల జాబితా, అంటే పరికరాలకి తనే పంచిన ఐపీ అడ్రస్‌ల జాబితా, ఉంటుంది, వైఫై కంట్రోలర్‌లో కనెక్ట్ అయినవాటి జాబితా ఉంటుంది, ఆ రెండూ పక్కపక్కన పెట్టుకోండి. చేతితో ఐపీ అడ్రస్ పెట్టినవి డీహెచ్‌సీపీలో కనిపించవు కాబట్టి ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ టూల్‌తో ఒకసారి నెట్‌వర్క్ మొత్తం స్కాన్ చేయండి. పాత ప్రింటర్లు, మెషీన్లకు అనుబంధంగా ఉన్న కంట్రోలర్లు స్కాన్ దెబ్బకి ఒక్కోసారి బిగుసుకుపోతాయి, అందుకే ఇది పని గంటలు అయ్యాక పెట్టుకోండి.

మ్యాక్ అడ్రస్‌లో (నెట్‌వర్క్ చిప్‌కి తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబర్) మొదటి మూడు జతలు చూస్తే నెట్‌వర్క్ చిప్ ఏ కంపెనీదో తెలుస్తుంది. పేరు లేని పరికరాన్ని పట్టుకోవడానికి అదే మంచి ఆధారం. అప్పటికీ తెలియకపోతే స్విచ్‌లో (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) అది ఏ పోర్టు మీద ఉందో చూసి కేబుల్ వెంట నడవడమే. నేను ఇలా లెక్క తీసిన ఒక చోట వాళ్లు నోటితో చెప్పిన సంఖ్యకి దాదాపు రెట్టింపు తేలాయి. అందులో ఒకటి, ఎప్పుడో మానేసిన ఉద్యోగి తన టేబుల్ కింద పెట్టుకున్న చిన్న రౌటర్, ఇంకా నడుస్తూనే ఉంది.

ఒక షీట్ పెట్టుకోండి. పరికరం పేరు, ఎక్కడుంది, మ్యాక్, ఐపీ, మోడల్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్, దీనికి క్లౌడ్ అకౌంట్ ఉంటే ఏ ఈమెయిల్‌తో ఉంది, చివరగా దీని బాధ్యత ఎవరిది. ఆ చివరి గడిలో డిపార్ట్‌మెంట్ పేరు కాదు, మనిషి పేరు రాయండి. డిపార్ట్‌మెంట్ పేరు రాస్తే ఎవరూ లేరనే అర్థం.

2. కొనే ముందు అడగాల్సినవి

చాలా చోట్ల ఐటీ వాళ్లకి పెట్టె వచ్చాకే తెలుస్తుంది. వీలైతే అంతకంటే ముందే దూరండి. అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న: ఇంటర్నెట్ లేకుండా ఇది పని చేస్తుందా? లోకల్‌గా నడిచే కెమెరాను బయటి ప్రపంచం నుంచి పూర్తిగా తెంచేయొచ్చు. కంపెనీ క్లౌడ్ లేకపోతే బల్బు కూడా వెలగదంటే మాత్రం ఆ కంపెనీ మూతపడ్డ రోజు మీ బల్బు కూడా ఆరిపోతుంది.

తర్వాత, అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు ఇస్తారో రాసి ఇవ్వమనండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం వినియోగదారులకు అమ్మే కనెక్టెడ్ పరికరాల్లో అన్నిటికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టకూడదు, అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో బయటికి చెప్పాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి చట్టం 2020 జనవరి 1 నుంచే ఉంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 303 645 కూడా మొదట అడిగేది డిఫాల్ట్ పాస్‌వర్డ్ గురించే. మీరు ఏ దేశంలో ఉన్నా సరే, ఈ ప్రమాణానికి సరిపోతుందా అని అమ్మేవాణ్ని అడగండి, జవాబు చెప్పడానికి వాడు పడే తిప్పలు చూస్తేనే సగం విషయం అర్థమవుతుంది.

3. వీటికంటూ వేరే గది కట్టండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. స్మార్ట్ పరికరాలకి విడిగా ఒక వీల్యాన్ పెట్టాలి, అంటే అవే స్విచ్‌ల మీద విడగొట్టిన వేరే నెట్‌వర్క్. ఉదాహరణకి ఆఫీస్ కంప్యూటర్లు వీల్యాన్ 10లో 10.10.10.0/24 (చివరి అంకె మాత్రమే మారే అడ్రస్‌ల గుంపు), టీవీలు, సెన్సర్లు, స్పీకర్లు వీల్యాన్ 30లో 10.10.30.0/24, కెమెరాలు వీల్యాన్ 40లో 10.10.40.0/24 అనుకుందాం. కెమెరాలని ఎందుకు విడదీశానంటే వాటికి ఇంటర్నెట్ అస్సలు అక్కర్లేదు, టీవీకి కావాలి. రెంటినీ కలిపి పెడితే రూల్స్ రాసేటప్పుడు టీవీ కోసం తీసిన దారి కెమెరాకి కూడా దొరుకుతుంది.

స్విచ్‌లో కెమెరా కేబుల్ వచ్చే పోర్టుని వీల్యాన్ 40కి యాక్సెస్ పోర్టుగా, అంటే ఆ ఒక్క వీల్యాన్‌కే చెందేలా, పెట్టండి. ఫైర్‌వాల్‌కి, యాక్సెస్ పాయింట్లకి వెళ్లే పోర్టులు మాత్రమే ట్రంక్ (చాలా వీల్యాన్లని ఒకే కేబుల్‌లో మోసేవి), వాటిలో కూడా అవసరమైన వీల్యాన్లనే అనుమతించండి. వాడని పోర్టులు ఆపేయండి. గోడ బయట ఉన్న కెమెరా కేబుల్ ఎవరైనా పీకి తమ లాప్‌టాప్‌కి పెట్టుకుంటే ఏమవుతుందో ఒకసారి ఊహించండి, అలాంటి పోర్టులకి పోర్ట్ సెక్యూరిటీ పెట్టి ఒక్క మ్యాక్‌నే రానివ్వండి. మ్యాక్ అడ్రస్‌ని నకలు చేయడం కష్టమేమీ కాదు, కాబట్టి దీన్ని తాళం అనుకోకండి, గడియ అనుకోండి. దాని వెనక ఉన్న వీల్యాన్ గోడే అసలు రక్షణ.

వైఫైకి వేరే ఎస్ఎస్ఐడీ (వైఫై పేరు) పెట్టి వీల్యాన్ 30కి కట్టండి. స్మార్ట్ పరికరాల్లో చాలావాటికి డబ్ల్యూపీఏ3 (కొత్త తరం వైఫై భద్రత) రాదు, 5 గిగాహెర్ట్జ్ కూడా రాదు, అందుకని ఈ ఒక్క నెట్‌వర్క్‌కి 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, పొడవాటి పాస్‌వర్డ్ పెట్టక తప్పదు. మీ యాక్సెస్ పాయింట్లలో ఒక్కో పరికరానికి ఒక్కో పాస్‌వర్డ్ ఇచ్చే సౌకర్యం ఉంటే తప్పకుండా వాడండి, ఒకదాని పాస్‌వర్డ్ లీకైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కో, పిన్ కొట్టో వైఫైలో చేరే దారి) మాత్రం ఎక్కడా ఆన్‌లో ఉండకూడదు.

గెస్ట్ వైఫైలో పడేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఏమీ చేయకపోవడం కంటే నయమే. కానీ అక్కడ మీ అతిథుల ఫోన్లు, మీ థర్మోస్టాట్ ఒకే చాప మీద కూర్చుంటాయి, పైగా గెస్ట్ పాస్‌వర్డ్ రిసెప్షన్ బోర్డు మీద రాసి ఉంటుంది.

ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. వీల్యాన్లు విడగొట్టి, వాటి మధ్య రూటింగ్ మాత్రం పూర్తిగా తెరిచే ఉంచితే, గోడ కట్టి తలుపు పెట్టడం మర్చిపోయినట్టే.

4. ఫైర్‌వాల్ రూల్స్, పై నుంచి కిందికి

రూల్స్ ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే పని చేస్తాయి, మొదట ఏది సరిపోతే అదే అమలవుతుంది. నేను రాసే వరస ఇది.

మొదటిది, పరికరాల నుంచి ఫైర్‌వాల్‌కే వెళ్లే ట్రాఫిక్. డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్‌కి పోర్టు 53, టైమ్ కోసం ఎన్‌టీపీ 123 (ఇక్కడ పోర్టు అంటే కేబుల్ పెట్టేది కాదు, ఒక్కో సేవకి ఉండే నంబర్) మాత్రమే అనుమతించి మిగతాదంతా ఆపేయండి. ఎక్కువమంది తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. వీల్యాన్ 30 నుంచి వీల్యాన్ 10కి బ్లాక్ పెట్టి హాయిగా ఊపిరి పీల్చుకుంటారు కానీ అదే టీవీ నుంచి 10.10.30.1 కొడితే ఫైర్‌వాల్ లాగిన్ పేజీ నేరుగా తెరుచుకుంటుంది. గేట్‌వే అడ్రస్ కూడా ఒక తలుపే. ఫైర్‌వాల్‌కి ఉన్న మిగతా వీల్యాన్ అడ్రస్‌ల మీద కూడా ఈ పేజీ, ఎస్ఎస్‌హెచ్ (కమాండ్లతో దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) మూసి ఉన్నాయో లేదో చూడండి. స్విచ్‌ల, యాక్సెస్ పాయింట్ల అడ్మిన్ పేజీలు కూడా వేరే మేనేజ్‌మెంట్ వీల్యాన్‌లోకి మార్చేయండి.

రెండోది, పరికరాల నుంచి లోపలి నెట్‌వర్క్‌లన్నిటికీ బ్లాక్. ఒక్కో వీల్యాన్‌కి ఒక్కో రూల్ రాయకుండా, సొంత నెట్‌వర్క్‌లకే కేటాయించిన 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 మూడూ కలిపి ఒకే గ్రూపుగా పెట్టి దాన్ని ఆపండి, రేపు కొత్త వీల్యాన్ పెట్టినా అది తనంతట తానే రక్షణలోకి వస్తుంది. ఈ రూల్‌కి లాగ్ ఆన్ చేయడం మరచిపోవద్దు, తర్వాత దాంతో పని ఉంది.

మూడోది, వీల్యాన్ 30 నుంచి ఇంటర్నెట్‌కి 443 (ఎన్‌క్రిప్ట్ అయిన వెబ్ ట్రాఫిక్) మాత్రమే. ఎంక్యూటీటీ (చిన్న పరికరాలు సందేశాలు పంపే పద్ధతి) వాడే సెన్సర్లుంటే 8883 తెరవండి, 1883 అడిగితే డేటా ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తోందని అర్థం, అమ్మినవాణ్ని అడగండి. వీల్యాన్ 40 నుంచి ఇంటర్నెట్‌కి ఏ రూలూ అక్కర్లేదు. చివర్లో అన్నిటినీ ఆపే రూల్ ఒకటి, దానికి కూడా లాగ్ ఆన్ చేయండి.

ఆఫీస్ నుంచి పరికరాల వైపు వెళ్లే దారి వేరు. కెమెరాల సంగతి చూసే ఒక్క కంప్యూటర్‌కి, రికార్డర్‌కి మాత్రమే అనుమతి ఇవ్వండి, జవాబు ట్రాఫిక్ కోసం విడిగా రూల్ రాయనక్కర్లేదు, అటునుంచి మొదలైన కనెక్షన్‌కి సమాధానాన్ని ఫైర్‌వాల్ తనే గుర్తుపట్టి రానిస్తుంది. ఇది తెలియక రెండు వైపులా తెరిచేసినవాళ్లని చూశాను.

ఐపీవీ6 (ఐపీ అడ్రస్‌ల కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4) సంగతి కూడా చూడండి. పైన రాసినవన్నీ ఐపీవీ4కే అయితే, మీ ఇంటర్నెట్ కనెక్షన్ ఐపీవీ6 ఇస్తుంటే, పరికరం ఆ దారిన హాయిగా తిరుగుతుంది. అవే రూల్స్ అటు కూడా రాయండి, లేదంటే ఆ వీల్యాన్‌లో ఐపీవీ6 ఇవ్వకండి.

5. టేబుల్ మీద తయారు చేశాకే గోడకి

నిచ్చెన ఎక్కి బిగించాక పాస్‌వర్డ్ మార్చడానికి మళ్లీ ఎవరూ ఎక్కరు. కాబట్టి పెట్టె విప్పగానే పరికరాన్ని ఏ నెట్‌వర్క్‌కీ కట్టని ఒక లాప్‌టాప్‌కి నేరుగా కేబుల్‌తో కలపండి. పాతది, డెమో పీస్, రిటర్న్ అయి వచ్చిందేమో అన్న అనుమానం ఉంటే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. తయారీ కంపెనీ సైట్ నుంచి ఫర్మ్‌వేర్ తెచ్చి ఎక్కించండి. కొన్ని మోడళ్లలో అప్‌డేట్ తర్వాత సెట్టింగులు మళ్లీ మొదటికొస్తాయి, అందుకే ఫర్మ్‌వేర్ ముందు, పాస్‌వర్డ్ తర్వాత. పాస్‌వర్డ్ పరికరానికి ఒకటి చొప్పున, పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచండి. అడ్మిన్ అకౌంట్ కాకుండా, రికార్డర్ కోసం వీడియో చూడటానికి మాత్రమే హక్కున్న రెండో యూజర్‌ని పెట్టండి.

ఆ తర్వాత మెనూలన్నీ తిరగేసి అక్కర్లేనివి ఆపండి: టెల్‌నెట్, యూపీఎన్‌పీ (పరికరం తనే రౌటర్‌లో దారి తెరిపించుకునే సౌకర్యం), పీ2పీ అని రాసి ఉన్న క్లౌడ్ ఆప్షన్, వాడకపోతే ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి). ఎస్ఎన్ఎంపీ (పరికరాల్ని దూరం నుంచి గమనించే పద్ధతి) ఉంటే అందులో పాస్‌వర్డ్‌లా పనిచేసే పబ్లిక్, ప్రైవేట్ అన్న పాత కమ్యూనిటీ పేర్లు అలాగే ఉంటాయి, వెర్షన్ 3కి మార్చండి, లేదా ఆపేయండి. యూపీఎన్‌పీని రౌటర్ వైపు కూడా ఆపాలి. ఒకసారి నేను ఎవరూ పెట్టని పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి లోపలి పరికరానికి దారి ఇచ్చే) రూల్ ఎక్కడిదా అని రెండు గంటలు తల పట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే రికార్డర్ యూపీఎన్‌పీతో తనే రౌటర్‌ని అడిగి లాగిన్ పేజీని ఇంటర్నెట్‌కి తెరుచుకుంది, రౌటరూ మారు మాట లేకుండా ఇచ్చేసింది.

యాప్‌తో సెటప్ చేయాల్సిన పరికరాలు ఇంకో తలనొప్పి. ఫోన్, పరికరం ఒకే వైఫైలో ఉంటేనే జత కుదురుతుంది. మీ సొంత ఫోన్ వాడొద్దు, ఆ ఎస్ఎస్ఐడీ పాస్‌వర్డ్ అందులో ఉండిపోతుంది. దీని కోసమే ఒక పాత ఫోన్ పక్కన పెట్టుకోండి. యాప్ అడిగే అకౌంట్ కూడా కంపెనీ ఉమ్మడి ఈమెయిల్‌తో తెరిచి, రెండంచెల లాగిన్ పెట్టండి. ఒక ఉద్యోగి సొంత జీమెయిల్‌తో తెరిచారంటే, ఆయన ఉద్యోగం మారిన రోజు మీ ఆఫీస్ తాళాలు ఆయన జేబులోనే వెళ్లిపోతాయి.

6. వారం రోజులు లాగ్ చదవండి

ఇది బోర్ కొట్టే పనే, కానీ నాకు ఇష్టమైన మెట్టు ఇదే, పరికరం అసలు స్వభావం ఇక్కడే బయటపడుతుంది. 10.10.40.21 దగ్గరున్న కెమెరా అనుకోండి, డీహెచ్‌సీపీలో మీరు ఇచ్చిన డీఎన్ఎస్‌ని పట్టించుకోకుండా గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8ని 53 పోర్టు మీద మళ్లీ మళ్లీ అడుగుతూ, బ్లాక్ అవుతూ కనిపిస్తుంది. ఫర్మ్‌వేర్‌లోనే ఆ అడ్రస్ రాసేశారన్నమాట. దాని పక్కనే 123 పోర్టుకి వరుసగా ప్రయత్నాలు ఉంటాయి, అది టైమ్ కోసం బయటి సర్వర్‌ని వెతుక్కోవడం.

డీఎన్ఎస్ బ్లాక్ అయినా కెమెరాకి నష్టం లేదు. టైమ్ విషయం అలా కాదు. గడియారం తప్పితే రికార్డింగ్ మీద తప్పు సమయం పడుతుంది, దొంగతనం జరిగిన రోజు ఆ వీడియో దేనికీ పనికిరాదు. కొన్ని పరికరాలైతే కరెంటు పోయి వచ్చాక 1970లోకి వెళ్లిపోయి, సర్టిఫికెట్లు చెల్లవంటూ కనెక్ట్ అవడమే మానేస్తాయి. కెమెరా సెట్టింగుల్లో ఎన్‌టీపీ సర్వర్‌గా 10.10.40.1 పెట్టండి. అక్కడ మార్చే వీలు లేకపోతే 123కి వెళ్లే ప్రతిదాన్నీ ఫైర్‌వాల్‌కే మళ్లించే నాట్ (అడ్రస్ మార్చి పంపే) రూల్ రాయండి.

లాగ్‌లో బ్లాక్ కనిపించిన ప్రతిదానికీ కంగారుగా తలుపు తెరవకండి. పరికరం చేయాల్సిన పని చేస్తోందా? చేస్తుంటే, ఆగిపోయింది దానికి అక్కర్లేనిదే. పని ఆగితేనే, ఆ ఒక్క అడ్రస్, ఆ ఒక్క పోర్టు వరకు తెరిచి, ఎందుకు తెరిచారో రూల్ పక్కన కామెంట్‌లో రాయండి.

7. టీవీ కనిపించడం లేదని ఫోన్ వస్తుంది

వస్తుంది, తప్పదు. కాస్టింగ్, ప్రింటర్ వెతకడం లాంటివి ఎండీఎన్ఎస్ (ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాల్ని పేరుతో వెతికే పద్ధతి) మీద నడుస్తాయి, యూడీపీ 5353, అది ఒక వీల్యాన్ దాటి ఇంకో దాంట్లోకి పోదు. ఈ టెన్షన్‌లో రూల్స్ అన్నీ తీసేస్తారు కొందరు. దానికి బదులు ఫైర్‌వాల్‌లో గానీ వైఫై కంట్రోలర్‌లో గానీ ఎండీఎన్ఎస్ రిఫ్లెక్టర్ (ఆ వెతుకులాట సందేశాల్ని అవతలి వీల్యాన్‌కి అందించేది) ఆన్ చేసి, ఆ రెండు వీల్యాన్ల మధ్యకే పరిమితం చేయండి. టీవీ పేరు కనిపించడం వరకు అది చూసుకుంటుంది, అసలు కనెక్షన్‌కి ఆఫీస్ నుంచి టీవీ ఐపీకి విడిగా అనుమతి ఇవ్వాలి. ప్రింటర్‌కైతే 631, 9100 చాలు, ఐపీ ఫిక్స్ చేసి కంప్యూటర్లలో నేరుగా ఆ అడ్రస్‌తో చేర్చేస్తే వెతుకులాటే ఉండదు.

8. బయటి నుంచి చూడాలంటే

పోర్ట్ ఫార్వర్డింగ్ వద్దు. కొత్త నంబర్ పోర్టు పెట్టాం కదా ఎవరికి తెలుస్తుంది అనుకోవద్దు, షోడాన్ లాంటి సెర్చ్ ఇంజిన్లు 2009 నుంచీ ఇలాంటి తెరిచిన తలుపులనే వెతికి జాబితా చేస్తున్నాయి. వీపీఎన్ (బయటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి ఎన్‌క్రిప్ట్ అయిన దారి) పెట్టుకుని, అందులోకి వచ్చినవాళ్లకి కూడా రికార్డర్ ఒక్కటే కనిపించేలా రూల్ రాయండి.

సర్వీస్ ఇంజనీర్లకి ఇచ్చే యాక్సెస్ గురించి ఇంకాస్త గట్టిగా ఉండాలి. 2013లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయినప్పుడు, దొంగలు ముందు సంపాదించింది శీతలీకరణ, ఏసీ పనులు చూసే ఒక కాంట్రాక్టర్ లాగిన్. ఏసీ కంపెనీవాళ్లకి ఏసీ కంట్రోలర్ వరకే దారి ఇవ్వండి, వాళ్లు ఫోన్ చేసి అడిగినప్పుడు ఆన్ చేయండి, పని అవగానే ఆఫ్ చేయండి. మొహమాటపడితే కుదరదు.

9. మీరే దొంగలా ప్రయత్నించండి

లాప్‌టాప్‌ని వీల్యాన్ 30 వైఫైకి కలిపి కూర్చోండి. అకౌంట్స్ కంప్యూటర్‌కి పింగ్ వెళ్తోందా? ఫైర్‌వాల్ పేజీ తెరుచుకుంటోందా, 10.10.30.1లో, 10.10.10.1లో కూడా? ఎన్‌మ్యాప్‌తో 10.10.10.0/24 స్కాన్ చేస్తే ఏమైనా జవాబిస్తోందా? తర్వాత కెమెరా కేబుల్ తీసి అదే లాప్‌టాప్‌కి పెట్టి మళ్లీ చూడండి, ఈసారి పోర్ట్ సెక్యూరిటీ అడ్డుకోవాలి. చివరగా మొబైల్ డేటా మీద నుంచి మీ పబ్లిక్ ఐపీని స్కాన్ చేయండి. ఇవన్నీ మీ సొంత నెట్‌వర్క్ మీద, యాజమాన్యం అనుమతితోనే. ఫలితాలని తేదీ వేసి షీట్‌లో పెట్టుకోండి, ఫైర్‌వాల్ ఫర్మ్‌వేర్ మార్చిన ప్రతిసారీ ఇదే పరీక్ష మళ్లీ చేయాలి.

10. ఆ తర్వాత, చివరిదాకా

మూడు నెలలకోసారి షీట్ తెరిచి ఫర్మ్‌వేర్ వెర్షన్లు పోల్చండి. అప్‌డేట్ వచ్చినప్పుడు అన్ని కెమెరాలకీ ఒకేసారి కాదు, ఒకదానికి ఎక్కించి రెండు రోజులు చూసి మిగతావాటికి. ఏదైనా పరికరం తేడాగా ఉందనిపిస్తే వెంటనే కరెంటు తీసేయకుండా ముందు స్విచ్‌లో దాని పోర్టు ఆపండి. మిరాయ్ లాంటివి మెమరీలోనే బతుకుతాయి, రీస్టార్ట్ చేస్తే ఆనవాళ్లు పోతాయి, పాస్‌వర్డ్ మార్చకుండా మళ్లీ కలిపితే నిమిషాల్లో తిరిగి అంటుకోవచ్చు.

అప్‌డేట్లు ఆగిపోయిన పరికరాన్ని తీసేయాల్సి వచ్చినప్పుడు అటక మీద పడేయడం, స్క్రాప్‌కి ఇచ్చేయడం రెండూ తప్పే, లోపల మీ వైఫై పాస్‌వర్డ్ ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, మెమరీ కార్డు ఉంటే తీసుకోండి, క్లౌడ్ అకౌంట్‌లోంచి ఆ పరికరాన్ని తొలగించండి. డీహెచ్‌సీపీలో దానికి కేటాయించిన ఐపీ, ఫైర్‌వాల్‌లో దాని కోసం తెరిచిన రూల్ కూడా తీసేయండి. లేకపోతే రేపు అదే ఐపీ దక్కిన ఇంకో పరికరానికి పాతదాని హక్కులు ఊరికే వచ్చేస్తాయి. షీట్‌లో ఆ వరసని చెరిపేయకుండా తీసేసిన తేదీ రాసి ఉంచండి, ఆ మ్యాక్ మళ్లీ ఎప్పుడైనా లాగ్‌లో కనిపిస్తే ఎవరో దాన్ని అటక మీద నుంచి దింపారని తెలుస్తుంది.